చర్మ క్యాన్సర్ పరికరాలు: పట్టుకోవడం వచ్చింది, వదిలిపెట్టడం ఇంకా రాలేదు

పుట్టుమచ్చను చూడగానే ఎవరి కళ్లయినా ముందు దాని వెడల్పు మీదకే పోతాయి. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ప్రాణం మీదకు తెచ్చేది మాత్రం లోతు. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికన్ పాథాలజిస్ట్, కోసి తీసిన మెలనోమాలను మైక్రోస్కోప్ కింద పెట్టి, పై పొర నుంచి అట్టడుగున ఉన్న క్యాన్సర్ కణం దాకా మందం ఎంతుందో మిల్లీమీటర్లలో కొలిచాడు. రోగి భవిష్యత్తు చాలావరకు ఆ ఒక్క అంకెను బట్టే ఉంటుందని తేలింది. ఈ రోజుకీ బయాప్సీ రిపోర్టు చేతికి రాగానే డాక్టర్లు వెతికేది ఆ అంకె కోసమే. మందం 0.8 మిల్లీమీటర్ల లోపు ఉండి, పైన పుండు పడకపోతే, చుట్టూ ఒక సెంటీమీటరు చర్మంతో సహా కోసి తీసేస్తే చాలామందికి అక్కడితో వైద్యం అయిపోతుంది. 4 మిల్లీమీటర్లు దాటిందంటే అది లింఫ్ గ్రంథులకో, ఊపిరితిత్తులకో, మెదడుకో పాకే ప్రమాదం బాగా పెరుగుతుంది. అమెరికా లెక్కల ప్రకారం మెలనోమా పుట్టిన చోటే ఉండగా దొరికితే అయిదేళ్ల తర్వాత బతికి ఉండే అవకాశం దాదాపు నూటికి నూరు. దూరపు అవయవాలకు పాకాక దొరికితే ఆ అవకాశం మూడో వంతుకు కాస్త అటూ ఇటూ.

అంటే ఆశకూ ఆపదకూ మధ్య దూరం మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. కొత్తగా వస్తున్న పరికరాలన్నీ ఆ దూరంలోనే రోగిని అందుకోవాలని చూస్తున్నాయి.

చర్మ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేవి బేసల్ సెల్, స్క్వేమస్ సెల్ రకాలు. బేసల్ సెల్ రకం ఉన్న చోటే నెమ్మదిగా తినుకుంటూ పోతుంది తప్ప దూరాలకు పాకడం అరుదు. స్క్వేమస్ సెల్ రకం కొంతమందిలో పాకుతుంది. మెలనోమా సంఖ్యలో తక్కువ, ప్రమాదంలో ఎక్కువ. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3.3 లక్షల మందికి కొత్తగా మెలనోమా వచ్చిందనీ, 58 వేల మందికి పైగా దానితో చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా.

కంటితో చూసి అనుమానించడానికి 1985లో న్యూయార్క్ యూనివర్సిటీ వైద్యులు నాలుగు గుర్తులు చెప్పారు: మచ్చలో ఒక సగం మరో సగంలా లేకపోవడం, అంచు గజిబిజిగా ఉండటం, ఒకే మచ్చలో రకరకాల రంగులు కనిపించడం, వెడల్పు 6 మిల్లీమీటర్లు దాటడం. మారుతూ పోవడం అనే అయిదో గుర్తు 2004లో చేరింది. ఇవి లక్షల మందికి మేలు చేశాయి. చిక్కేమిటంటే, ఆ వెడల్పుకు చేరకముందే దొరకాల్సిన మెలనోమాలు ఉంటాయి. అన్ని గుర్తులూ ఉండి కూడా ఏ హానీ చేయని మచ్చలూ ఉంటాయి. రంగే లేకుండా గులాబీ బొడిపెలా కనిపించే మెలనోమాకైతే ఈ కొలతలేవీ సరిగ్గా పట్టవు.

కంటి తర్వాత వచ్చిన మెట్టు డెర్మోస్కోప్. చూడటానికి చిన్న టార్చిలైట్‌లా ఉండే ఈ పరికరం దాదాపు పది రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. దాని అసలు గొప్పతనం మాత్రం భూతద్దంలో లేదు. చర్మం మీద పడిన వెలుతురులో కొంత పై పొర దగ్గరే తిరిగి వచ్చేసి మెరుపులా కళ్లకు కొడుతుంది, లోపల ఉన్నది కనిపించనివ్వదు. మచ్చ మీద కాస్త జెల్ రాసి అద్దం ఆనించినా, పోలరైజ్డ్ వెలుతురు వాడినా ఆ మెరుపు పోతుంది. అప్పుడు చర్మం కిటికీ తెరిచినట్టు లోపలి పొరలను చూపిస్తుంది.

అరికాలి మీద ఉన్న నల్ల మచ్చను అలా చూస్తే ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. అరికాలి చర్మం దున్నిన చేనులా ఉంటుంది: గట్లు, గాళ్లు, మళ్లీ గట్లు. గట్టు నడుమన తెల్లటి చుక్కలు వరసగా, దారానికి గుచ్చిన పూసల్లా కనిపిస్తాయి. అవి చెమట బయటికొచ్చే రంధ్రాలు. మామూలు పుట్టుమచ్చ అయితే నలుపు ఎక్కువగా గాళ్ల వెంట సన్నటి గీతలుగా ఉంటుంది. మెలనోమా అయితే గట్ల మీద వెడల్పుగా పరుచుకుంటుంది. జపాన్ వైద్యులు, ముఖ్యంగా తోషియాకి సయిదా బృందం, ఈ తేడాను వివరంగా పట్టుకున్నారు. విడి కంటికి ఒకేలా కనిపించే రెండు మచ్చల్లో ఏది దేనిదో గట్టూ గాడీ చూసి చాలావరకు చెప్పేయొచ్చు. ఇంత చవకైన, ఇంత పదునైన సాధనం ఈ రంగంలో మరొకటి లేదు.

అయితే డెర్మోస్కోప్ పట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఈ చూపు రాదు. శిక్షణ ఉన్నవారి చేతిలో అది విడి కన్ను కంటే స్పష్టంగా మెరుగైన ఫలితం ఇస్తుందనీ, శిక్షణ లేనివారికి పెద్దగా ఒరిగేదేమీ లేదనీ అధ్యయనాలు చెప్పాయి. చాలామంది రోగులు ముందు వెళ్లేది జనరల్ డాక్టర్ దగ్గరికే. ఆయనకు చర్మం మీద ప్రత్యేక శిక్షణ ఉండకపోవచ్చు. ఆ చూపునే యంత్రంలో పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన నుంచే కొత్త పరికరాలు పుట్టాయి.

వాటిలో ముందుగా పేరు మోగినది మెలాఫైండ్. కంటికి కనిపించే నీలం నుంచి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వరకు పది రకాల తరంగదైర్ఘ్యాల వెలుతురుతో మచ్చను ఫొటో తీసి, లోపలి రంగు ఎంత చిందరవందరగా ఉందో కంప్యూటర్‌తో లెక్కగట్టేది. 2011 నవంబరులో, అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ నుంచి అనుమతి వచ్చింది. అధ్యయనంలో 127 మెలనోమాలకు 125ను పట్టుకుంది. ఆ మాట ఒక్కటే వింటే ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ క్యాన్సర్ కాని మచ్చల్లో నూటికి పది మాత్రమే ‘ఫరవాలేదు’ అనిపించుకున్నాయి. మిగతా తొంభైకీ అది గంట కొట్టింది. చర్మ వైద్యులకు దానితో కొత్తగా తెలిసేది తక్కువైంది. అన్ని మచ్చలనూ అనుమానించే యంత్రం చెప్పేది, కోసి చూడమని. అది వాళ్లు యంత్రం లేకుండానే చేయగలరు. 2017లో అది మార్కెట్ నుంచి వెళ్లిపోయింది.

ఈ కథలోనే మొత్తం రంగానికి తాళం చెవి ఉంది. పరికరానికి రెండు శక్తులు కావాలి. జబ్బు ఉన్నచోట ఉందని పట్టుకోవడం ఒకటి, దాన్ని సెన్సిటివిటీ అంటారు. జబ్బు లేనిచోట లేదని వదిలిపెట్టడం రెండోది, అది స్పెసిఫిసిటీ. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది మొదటిది. క్లినిక్‌లో రోజూ పనికొచ్చేదీ లేనిదీ తేల్చేది రెండోది. ఎందుకంటే డాక్టర్ దగ్గరికి వచ్చిన మనిషి మనసులో ఉన్న ప్రశ్న ‘దీన్ని వదిలేయొచ్చా?’ అన్నదే.

2024 జనవరిలో ఎఫ్‌డీఏ అనుమతి పొందిన డెర్మాసెన్సర్‌ను ఈ వెలుగులో చూడాలి. చేతిలో పట్టుకునే పరికరం ఇది. కొనను మచ్చకు ఆనిస్తే సన్నటి వెలుతురు లోపలికి పంపుతుంది. కణాలు, వాటి లోపలి కేంద్రకాలు ఆ వెలుతురును చెల్లాచెదురు చేస్తాయి. క్యాన్సర్ కణాల కేంద్రకాలు ఉబ్బి, గుంపులుగా ఉంటాయి కాబట్టి వెలుతురు తిరిగొచ్చే తీరు మారుతుంది. ఎలాస్టిక్ స్కాటరింగ్ స్పెక్ట్రోస్కోపీ అనే ఈ పద్ధతి మీద బోస్టన్ యూనివర్సిటీలో ఇర్వింగ్ బిజియో ఎన్నో ఏళ్లు పనిచేశాడు. పరికరం ఫొటో తీయదు. మచ్చ ఆకారంతో, అంచుతో దానికి పనిలేదు. చివరికి రెండు మాటల్లో ఒకటి చెబుతుంది: ఇంకా పరీక్షించండి, లేదా గమనిస్తూ ఉండండి. మూడు రకాల చర్మ క్యాన్సర్లకూ పనిచేయడం, చర్మ నిపుణులు కాని డాక్టర్ల కోసమే తయారవడం దీని ప్రత్యేకతలు. 40 ఏళ్లు, ఆపైన వయసువారిలో, డాక్టర్‌కు అప్పటికే అనుమానం వచ్చిన మచ్చ మీద మాత్రమే వాడాలి.

వెయ్యికి పైగా రోగులతో 22 కేంద్రాల్లో జరిగిన అధ్యయనంలో అది నూటికి దాదాపు 96 క్యాన్సర్లను పట్టుకుంది. స్పెసిఫిసిటీ మాత్రం 20.7 శాతం. లెక్క వేసి చూస్తే సంగతి అర్థమవుతుంది. వెయ్యి అనుమానపు మచ్చలున్నాయనీ, అందులో 100 నిజంగా క్యాన్సరనీ అనుకుందాం. ఈ పరికరం 96ను పట్టుకుంటుంది. మిగిలిన 900 మామూలు మచ్చల్లో 186ను వదిలి, 714ను కూడా ‘పరీక్షించండి’ అంటుంది. అంటే గంట మోగిన 810 మందిలో 714 మందికి ఏమీ లేదు. వదిలేసిన 190లో నాలుగు క్యాన్సర్లు దాక్కుంటాయి.

మెలాఫైండ్‌తో పోలిస్తే ఇది మెరుగే కానీ ఆకాశమంత తేడా లేదు. మరి ఒకటి ఎందుకు పోయింది, రెండోదాని మీద ఎందుకు ఆశ? పరికరం ఎవరి చేతిలో ఉందన్నదే జవాబు. నిపుణుడి చేతిలో ఉన్న యంత్రం నిపుణుడికి తెలియనిది చెప్పాలి. జనరల్ డాక్టర్ చేతిలో ఉన్నది, ఆయన పొరపాటున వదిలేసేవాటిని ఆపితే చాలు. ఈ పరికరం వాడినప్పుడు నిపుణులు కాని డాక్టర్లు వదిలేసిన క్యాన్సర్లు నూటికి 18 నుంచి 9కి తగ్గాయి. అది చిన్న విషయం కాదు. కాకపోతే ఆ 714 మంది వెళ్లి కూర్చునేది చర్మ వైద్యుడి గది బయటే. అక్కడ వరస పెరిగితే, నిజంగా జబ్బున్న మనిషి వంతు రావడానికి మరికొన్ని వారాలు పట్టవచ్చు. ఎదురుచూసే ప్రతి ఒక్కరికీ ఆ రోజులన్నీ టెన్షనే.

వెలుతురు బదులు కరెంటుతో చూసే దారి స్వీడన్‌లో తయారైన నెవిసెన్స్‌ది. 2017లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ముందు సెలైన్‌తో చర్మాన్ని అరనిమిషం తడుపుతారు. పక్కన ఉన్న ఆరోగ్యకరమైన చర్మం మీద ఒకసారి కొలిచి, తర్వాత మచ్చ మీద కొలుస్తారు. ఎలక్ట్రోడ్ మీద కంటికి ఆనని చిన్న సూదులు పై పొరను తాకుతాయి. మనిషికి తెలియనంత స్వల్పమైన కరెంటు 35 వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో పోతుంది. కణాల ఆకారం, వాటి పొరలు, అవి పేర్చుకున్న తీరు మారితే కరెంటుకు ఎదురయ్యే అడ్డు కూడా మారుతుంది. స్కోరు 0 నుంచి 10 వరకు వస్తుంది, 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అనుమానమే. 2014లో వెలువడిన పెద్ద అధ్యయనంలో సెన్సిటివిటీ 96.6, స్పెసిఫిసిటీ 34.4 శాతం. వదిలిపెట్టడంలో ఇది మిగతా రెండింటికన్నా ముందుంది. పక్క చర్మంతో పోల్చి చూడటం ఇందులో తెలివైన పని, ఎందుకంటే ప్రతి మనిషికీ అతని చర్మమే కొలబద్ద అవుతుంది.

కోయకుండానే కణాలను చూపించేది కాన్ఫోకల్ మైక్రోస్కోప్. 1995లో మిలింద్ రాజాధ్యక్ష, ఆయన సహచరులు బతికున్న మనిషి చర్మంలో కణాలను లేజర్‌తో చూడవచ్చనీ, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అందులో మెరుస్తూ కనిపిస్తుందనీ చూపించారు. పెద్ద ఆస్పత్రుల్లో దీని వల్ల అనవసరపు కోతలు తగ్గుతున్నాయి. కానీ అది పావు మిల్లీమీటరు లోతుకు మించి చూడలేదు. బ్రెస్లో కొలత అంతకన్నా చాలా లోతుకు వెళ్లవచ్చు మరి. క్యాన్సర్ ఉందని చెప్పగలదు, ఎంత లోతుందో చెప్పలేదు. వెలుతురుతో చర్మం పొరలను నిలువుగా కోసినట్టు చూపించే ఆప్టికల్ కోహరెన్స్ టోమోగ్రఫీ ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు వెళుతుంది, కానీ మామూలుగా కణాలను అంత స్పష్టంగా చూపలేదు. ఈ రెంటినీ కలిపే యంత్రాలు కూడా ఇప్పుడు వస్తున్నాయి.

ఇవన్నీ ఒక్క మచ్చను ఒక్క క్షణంలో చూసేవే. ఒంటి నిండా మచ్చలున్న మనిషికి ఇది సరిపోదు. అలాంటివారికి కాలాన్నే సాధనంగా వాడే పద్ధతి ఉంది. వెక్ట్రా డబ్ల్యూబీ360 అనే యంత్రంలో మనిషి లో దుస్తులతో నిలబడితే చుట్టూ ఉన్న 92 కెమెరాలు ఒకేసారి ఫొటో తీసి ఒంటి మొత్తం త్రీడీ బొమ్మ తయారుచేస్తాయి. కొన్ని నెలల తర్వాత మళ్లీ తీసి, ఏ మచ్చ పెరిగింది, ఏది కొత్తగా వచ్చింది అని పోలుస్తారు. చర్మ క్యాన్సర్ ఎక్కువగా ఉండే ఆస్ట్రేలియాలో ఈ యంత్రాలతో పెద్ద పరిశోధన కార్యక్రమమే నడుస్తోంది. వందలో తొంభై తొమ్మిది మచ్చలు ఒక కుటుంబంలా ఉండి, ఒక్కటి మాత్రం వేరే ఇంటిదానిలా కనిపిస్తే దాన్ని ముందు చూడాలన్నది చర్మ వైద్యుల పాత సూత్రం. ఒళ్లంతా ఒకే బొమ్మలో ఉన్నప్పుడు ఆ సూత్రాన్ని కంప్యూటర్ కూడా పాటించగలదు.

ఫొటో చూసి చెప్పే ఏఐ ఈ రంగంలోకి పెద్ద చప్పుడుతో వచ్చింది 2017లో. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1,29,450 ఫొటోలతో నేర్పిన ప్రోగ్రామ్, 21 మంది చర్మ వైద్యులతో పోటీపడి వాళ్లకు సమానంగా నిలిచింది. తర్వాత అదే పరిశోధకుల వర్గం ఒక నిజాన్ని బయటపెట్టింది. పక్కన స్కేలు ఉన్న ఫొటోలను ప్రోగ్రామ్ ఎక్కువగా క్యాన్సర్ అంటోంది. ఎందుకంటే డాక్టర్లు స్కేలు పెట్టి ఫొటో తీసేది తమకు అనుమానం వచ్చిన మచ్చలకే. 2019లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ బృందం మామూలు మచ్చల పక్కన సర్జన్లు వాడే ఊదారంగు పెన్నుతో గీతలు గీసి చూసింది. మచ్చ మారలేదు, గీత మాత్రమే చేరింది. అయినా తప్పుడు అలారాలు బాగా పెరిగాయి. యంత్రం చర్మాన్ని నేర్చుకుందా, డాక్టర్ అలవాట్లను నేర్చుకుందా అని ప్రతిసారీ అడిగి తేల్చుకోవాల్సిందే.

చేతిలో ఉన్న ఫోన్ యాప్‌ల మీద జాగ్రత్త ఇంకా అవసరం. 2015లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, మెలనోమాను ఫొటోతో పట్టేస్తామని ఆధారాల్లేకుండా ప్రచారం చేసుకున్న రెండు యాప్‌ల మీద చర్య తీసుకుంది. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష, అప్పటి యాప్‌లు మెలనోమాలన్నిటినీ పట్టుకుంటాయని నమ్మడానికి లేదని తేల్చింది. ఆస్పత్రి వ్యవస్థ లోపల, నిఘా మధ్య వాడే ఏఐ సంగతి వేరు. బ్రిటన్‌లో డెర్మ్ అనే ప్రోగ్రామ్‌ను మూడేళ్ల పాటు ఆధారాలు సేకరిస్తూ వాడుకోవచ్చని 2025లో అక్కడ ఏ వైద్యం వాడాలో సూచించే నైస్ సంస్థ షరతులతో చెప్పింది. ఇలా వాడుతూ లెక్కలు రాసుకుంటూ పోవడమే సరైన దారి.

అన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకునే సమస్య చర్మం రంగు. మెలనిన్ వెలుతురును మింగేస్తుంది. ముదురు చర్మం నుంచి తిరిగొచ్చే వెలుతురు తీరే వేరు. ఎక్కువగా తెల్లటి చర్మాల మీద నేర్చుకున్న యంత్రానికి ఆ తేడా తెలియదు. 2022లో స్టాన్‌ఫర్డ్ బృందం రకరకాల రంగుల చర్మాలకు చెందిన 656 ఫొటోలతో పేరున్న ప్రోగ్రామ్‌లను పరీక్షిస్తే, ముదురు చర్మం మీద వాటి పనితనం తగ్గిపోయింది. వాటికి ముదురు చర్మం ఉన్న ఫొటోలతో మళ్లీ నేర్పితే ఆ తేడా చాలావరకు పోయింది. అంటే లోపం యంత్రానికి వేసిన మేతలో ఉంది. డెర్మాసెన్సర్‌కు అనుమతి ఇస్తూ ఎఫ్‌డీఏ, మార్కెట్లోకి వచ్చాక కూడా వేర్వేరు రంగుల చర్మాలవారి మీద పరీక్షలు కొనసాగించాలని షరతు పెట్టింది.

ముదురు చర్మంవారిలో మెలనోమా అరుదు. వచ్చినప్పుడు మాత్రం తరచుగా వచ్చేది అరికాలి మీద, అరచేతిలో, గోరు కింద. దీనికి ఎండతో పెద్ద సంబంధం లేదు. గాయకుడు బాబ్ మార్లేకు కాలి గోరు కింద వచ్చింది ఇలాంటి మెలనోమాయే. 1977లో బయటపడింది, 1981లో 36 ఏళ్ల వయసులో ఆయన చనిపోయాడు. గోరు కింద నల్లటి చార, మానని అరికాలి పుండు దెబ్బ తగిలిందనో ఆనె కాయ అనో కొట్టిపారేయడానికి వీలుగా ఉంటాయి. విచారకరం ఏమిటంటే మెలాఫైండ్, నెవిసెన్స్ రెండూ అరికాలు, అరచేతి చర్మం కోసం తయారైనవి కావు. అక్కడి చర్మం మందం, గట్లు, గాళ్లు వాటి లెక్కలకు అందవు. ఎవరికి జబ్బు ఆలస్యంగా దొరుకుతోందో, వాళ్లకు జబ్బు వచ్చే చోటే కొత్త యంత్రం పనికిరాదు. అక్కడ ఇప్పటికీ దిక్కు ఆ చిన్న డెర్మోస్కోపే, గట్టూ గాడీ తెలిసిన డాక్టరే.

ఇంకో వైపు, ఎక్కువ వెతికితే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయా అన్నదీ తేలని విషయమే. అమెరికాలో నలభై ఏళ్లలో మెలనోమా నిర్ధారణలు ఆరు రెట్లయ్యాయి, మరణాల రేటు మాత్రం దాదాపు అలాగే ఉండిపోయిందని 2021లో ముగ్గురు వైద్య పరిశోధకులు న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. పెరిగినవాటిలో ఎక్కువ భాగం ఎన్నడూ హాని చేయని మచ్చలేనని వారి వాదన. జర్మనీ 2008 నుంచి 35 ఏళ్లు నిండినవారికి రెండేళ్లకోసారి చర్మ పరీక్ష చేస్తోంది. దానికి దారి వేసిన ప్రాంతీయ ప్రాజెక్టు తర్వాత మరణాలు తగ్గినట్టు కనిపించి, మళ్లీ పాత స్థాయికి చేరాయి. లక్షణాలు లేనివారికి అలాంటి పరీక్ష చేయాలనడానికీ వద్దనడానికీ చాలినన్ని ఆధారాల్లేవని అమెరికా నిపుణుల కమిటీ 2023లో చెప్పింది. అంతిమ తీర్పు అనుకునే బయాప్సీ కూడా రాతి మీద గీత కాదు. 2017లో వచ్చిన అధ్యయనంలో 187 మంది పాథాలజిస్టులకు మచ్చల స్లైడ్లు ఇస్తే, మామూలు మచ్చకూ ముదిరిన మెలనోమాకూ మధ్య ఉండే రకాల్లో నిపుణుల తీర్పుతో సగం సార్లు కూడా ఏకీభవించలేదు. పరికరాల సెన్సిటివిటీ కొలిచేది ఈ తీర్పులతో పోల్చే. కొలబద్దే కాస్త ఊగుతోందన్నమాట.

కాబట్టి కొత్త పరికరం గురించి విన్నప్పుడు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎన్ని మామూలు మచ్చలను నమ్మకంగా వదిలిపెట్టింది? ఎవరి చేతిలో పరీక్షించారు? ఎలాంటి చర్మాల మీద, ఒంట్లో ఏ భాగం మీద? మొదటి ప్రశ్నకు జవాబు లేకుండా 96 శాతం, 98 శాతం అనే అంకెలకు పెద్ద అర్థం లేదు.

‘గమనిస్తూ ఉండండి’ అన్న జవాబును కూడా ఇలాగే చదువుకోవాలి. డెర్మాసెన్సర్ అధ్యయనంలో ఆ మాట వచ్చిన మచ్చల్లో నూటికి 97 మామూలువే. మిగిలిన మూడు ఆ రోజు యంత్రానికి దొరకలేదు. అవి మళ్లీ దొరకాలంటే ఆ మనిషి మచ్చను ఫొటో తీసి ఉంచుకోవాలి, రెండు మూడు నెలల తర్వాత పక్కన పెట్టి పోల్చుకోవాలి, పెరిగినా, రంగు మారినా, రక్తం కారినా యంత్రం ముందు ఏం చెప్పిందన్నది పక్కనపెట్టి డాక్టర్‌కు చూపించాలి.